చెమట పట్టని చెయ్యి

దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఒక ప్రభుత్వాసుపత్రి లేబర్ రూంలో రాత్రంతా నొప్పులు పడ్డాను. పక్క బల్ల మీద ఇంకొకామె. ఇద్దరం అరుస్తుంటే డ్యూటీ నర్సు ఇద్దర్నీ కలిపి తిడుతోంది. ఆ తిట్లు ఇక్కడ రాయనక్కర్లేదు. అలాంటి గదిలోకి వెళ్ళి వచ్చిన ఆడవాళ్ళకి అవి తెలిసినవే. మా అమ్మ ఎవర్నో బతిమాలుకుని లోపలికొచ్చింది. నన్ను చూస్తూండగానే ఆమెకి ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి, కాళ్ళు వణికాయి. "నేను చూడలేనమ్మా" అని బయటికి వెళ్ళిపోయి, తెల్లారేదాకా వరండాలో కూర్చుని ఏడ్చింది. నా దగ్గర మిగిలింది గది ఊడ్చి కడిగే ఆయమ్మ. ఆమె నా చెయ్యి పట్టుకుంది. పొడిగా, గరుగ్గా, ఫినాయిలు వాసన వేస్తున్న చెయ్యి. నా చెయ్యి వదలకుండానే అవతల ఎవరితోనో రేషన్ కిరసనాయిలు గురించి మాట్లాడుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా మాట ఆపి, "గట్టిగా నొక్కమ్మా, నా చెయ్యేం విరగదులే" అనేది.

ఆ రాత్రి పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు సైకాలజీలో పరిశోధన చేస్తోంది. పోయినసారి సెలవులకి వచ్చినప్పుడు తమ ల్యాబ్‌లో జరిగే పని ల్యాప్‌టాప్‌లో చూపించింది. చూపుడువేలికీ మధ్యవేలికీ రెండు చిన్న ఎలక్ట్రోడ్లు తగిలించుకుని ఒక మనిషి కూర్చుంటారు. ఎదురుగా తెర మీద ఎవరి చేతిలోనో సూది దిగుతుంది. చూసేవాళ్ళ వేళ్ళలో కంటికి కనిపించనంత చెమట పుడుతుంది. కంప్యూటర్లో ఒక గీత పైకి లేస్తుంది. ఆ గీతని వేలితో చూపించి, "ఇదేనమ్మా ఎంపతీ" అంది నవ్వుతూ.

ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను కానీ, ఆ గీత నన్ను వదల్లేదు. ఆ రాత్రి మా అమ్మ వేళ్ళకీ ఆయమ్మ వేళ్ళకీ ఆ తీగలు తగిలించి ఉంటే? అమ్మ గీత కాగితం దాటి పోయేది. ఆయమ్మ గీత బహుశా కదిలేదే కాదు. అమ్మకి నామీద ప్రేమ లేదని ఎవరంటారు? కానీ నాకు ఆ రాత్రి అందిన చెయ్యి ఆయమ్మది. సహానుభూతిని కొలిచే సైన్సు ఈ రెండు చేతుల్లో దేన్ని కొలుస్తోంది? ఆ సైన్సు స్త్రీల గురించి ఏం చెబుతోంది? కథ చదివి ఏడిచే మన సాహిత్యలోకానికి అందులో నేర్చుకోవలసింది ఏమైనా ఉందా? కొన్ని నెలలుగా నాకు తోచినంతలో చదివి, మా అమ్మాయితో వాదించి, ఇది రాస్తున్నాను.

ముందు ఆ పరికరం సంగతి. మన అరచేతుల్లో స్వేదగ్రంథులు ఎక్కువ. మనసు కదిలినప్పుడు వాటిని పనిచేయించేది నాడీమండలంలో ఒక భాగం. దాన్ని స్కూలు పుస్తకాల్లో 'సహానుభూత నాడీ వ్యవస్థ' అని చదువుకున్నాం. పేరు చూసి మోసపోకూడదు. పులిని చూసినా, పరీక్ష ఫలితాలు చూసినా, ఎదుటివాళ్ళ గాయం చూసినా అదే వ్యవస్థ అదే చెమటని పుట్టిస్తుంది. చెమ్మ పెరిగితే చర్మంలోంచి కరెంటు తేలిగ్గా ప్రవహిస్తుంది. ఆ తేడానే మైక్రోసీమెన్లలో కొలుస్తారు. కొలత కచ్చితమైనదే. కానీ అది కదలిక ఎంత అని చెబుతుంది తప్ప ఏ రకం కదలికో చెప్పదు.

ఈ కొలతకి ఒక పుట్టుక కథ ఉంది. 1888లో షార్ల్ ఫేరే అనే ఫ్రెంచి వైద్యుడు, ఉద్వేగం కలిగినప్పుడు శరీరం విద్యుత్తుకి చూపించే నిరోధం మారుతుందని గమనించి ప్రకటించాడు. ఆయన పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో షార్కో శిష్యుడు. 'హిస్టీరియా' ముద్ర వేసిన స్త్రీలని విద్యార్థుల ముందూ, ఊరి పెద్దమనుషుల ముందూ నిలబెట్టి ప్రదర్శించిన ఆసుపత్రి అది. ఫేరే పరిశీలనలూ హిస్టీరియా రోగుల మీద చేసినవే. 'అతిగా స్పందించే ఆడ శరీరం' అన్న నమ్మకం చుట్టూ ఈ కొలత మొదలైంది. ఆ నీడ దాన్ని పూర్తిగా వదిలిందని నేననుకోను.

అలాగని శరీరం అబద్ధం చెబుతుందనీ కాదు. 1992లో లెవెన్‌సన్, రూఫ్ అనే పరిశోధకులు, భార్యాభర్తలు మాట్లాడుకుంటున్న వీడియోలు చూపించి, అందులోని మనిషి ఏ క్షణాన ఎలాంటి భావంలో ఉన్నారో అంచనా వెయ్యమన్నారు. చూసేవాళ్ళ శరీరం ఆ వీడియోలోని మనిషి శరీరంతో పాటు లయ కలిపి నడిచిన కొద్దీ, ఎదుటివాళ్ళ బాధనీ కోపాన్నీ వాళ్ళు సరిగ్గా గుర్తుపట్టారు. ఇది విలువైన సంగతి. ఒకరి బాధని అర్థం చేసుకోవడంలో ఒంటికీ పాత్ర ఉందని స్త్రీవాదులం ఎప్పటినుంచో అంటున్నాం. పేచీ అక్కడ కాదు. ఆ తరవాతి అడుగు దగ్గర.

ఈ రంగంలో అందరూ ప్రస్తావించే ప్రయోగం 2004లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. లండన్‌లో తానియా సింగర్, ఆమె సహచరులూ చేసింది. పదహారు జంటలు. ఆడమనిషిని ఎమ్మారై స్కానర్లో పడుకోబెట్టారు. ఆమె భర్తో ప్రియుడో పక్కనే కూర్చున్నాడు. ఇద్దరి చేతులకీ ఎలక్ట్రోడ్లు. తన చెయ్యీ అతని చెయ్యీ ఆమెకి అద్దంలో కనిపిస్తుంటాయి. ఇప్పుడు షాక్ ఎవరికి తగలబోతోందో, గట్టిగానా మెల్లగానా అన్నది తెర మీద గుర్తులు చెబుతాయి. షాక్ తనకి తగిలినప్పుడు, నొప్పి ఎక్కడ, ఎంత అని లెక్కగట్టే మెదడు భాగాలూ పనిచేశాయి, నొప్పి బాధ పెట్టే తీరుకి సంబంధించిన భాగాలూ పనిచేశాయి. అతనికి తగిలినప్పుడు మొదటివి ఊరుకున్నాయి, రెండోవి మాత్రం కదిలాయి. ముఖ్యంగా ఇన్సులా ముందుభాగమూ, యాంటీరియర్ సింగ్యులేటూ. అంటే మన ఇంట్లోవాళ్ళ నొప్పి మనకి నొప్పిగా తెలియదు, బాధగా తెలుస్తుంది.

చక్కని ప్రయోగం. చదివినప్పుడు నాకూ ఒళ్ళు జలదరించింది. కానీ ఒక కథని చదివినట్టు దీన్ని మళ్ళీ చదవండి. స్కానర్ లోపల ఉన్నదెవరు? పదహారు మందీ స్త్రీలే. తమ మెదడులో సహానుభూతి ఉందో లేదో చూపించే అవసరం ఆ పదహారు మంది మగవాళ్ళకి రాలేదు. వాళ్ళ పని కూర్చుని షాక్ తినడం. అందుకు సాంకేతిక కారణాలే ఉండవచ్చు. స్కానర్లో తల కదలకూడదు కాబట్టి ఆమె కదలకుండా పడుకుని, అతని బాధని తనలో పడనిస్తుంది. ఆపలేదు. లేచి అడ్డం పడలేదు. సహానుభూతికి ఈ కాలం గీసిన ప్రసిద్ధ చిత్రాల్లో ఒకటి ఇది. మనవాళ్ళు పురాణాల్లోంచి తవ్వి తీసిన పతివ్రత బొమ్మకి ఇది మరీ దూరం కాదనిపించింది.

పైగా ఇన్సులా ఒక్క సహానుభూతికే కట్టుబడిన చోటు కాదు. అసహ్యం వేసినా, ఊపిరాడకపోయినా, సొంత గుండె చప్పుడు మీద దృష్టి పెట్టినా అది పనిచేస్తుంది. అక్కడ రంగు కనిపించింది కాబట్టి ఇది సహానుభూతే అనెయ్యడం, పొగ కనిపించింది కాబట్టి అన్నం ఉడుకుతోంది అనడం లాంటిది. చెత్త తగలబడుతూ ఉండవచ్చు. ఈ జాగ్రత్త నాడీశాస్త్రజ్ఞులూ చెబుతారు. ఆ హెచ్చరికలు పత్రికల శీర్షికల దాకా రావు.

ఇక స్త్రీల సంగతి. సైమన్ బారన్ కోహెన్ 2003లో రాసిన పుస్తకంలో, ఆడ మెదడు ప్రధానంగా సహానుభూతి కోసం అమరిందనీ, మగ మెదడు వ్యవస్థల్ని అర్థం చేసుకుని నిర్మించడం కోసం అమరిందనీ వాదించాడు. కార్డెలియా ఫైన్ 2010లో 'డెల్యూజన్స్ ఆఫ్ జెండర్'లో ఈ రకం వాదనల్ని వరసపెట్టి నిలదీసింది. కానీ ఇరవై ఏళ్ళ ముందే, 1983లో, నాన్సీ ఐసెన్‌బర్గ్, రాండీ లెన్నన్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని ఒక చిన్న పని చేశారు. ఫలితం ఏమిటన్నది కాక, ఎలా కొలిచారన్నదాన్ని బట్టి వాటిని విడదీశారు. "ఇతరుల బాధ చూస్తే మీకు బాధ కలుగుతుందా?" అని ప్రశ్నపత్రం ఇచ్చి అడిగిన చోట స్త్రీలు ఎంతో ముందున్నారు. అడక్కుండా ఒంటి స్పందనని కొలిచినచోట, లేదా వాళ్ళకి తెలియకుండా ముఖకవళికల్ని గమనించిన చోట ఆ తేడా కనిపించలేదు!

నాకు ఈ సంగతి ఆ మెదడు బొమ్మలన్నిటికన్నా ఎక్కువ చెప్పింది. తేడా చర్మంలో లేదు, ప్రశ్నలో ఉంది. "నువ్వు జాలిగలదానివేనా?" అని అడిగితే ఆడది కాదని చెప్పగలదా? చెబితే ఆమెని ఏమంటారో ఆమెకి తెలుసు. మగవాడు అవునంటే అతన్ని ఏమంటారో అతనికీ తెలుసు. 2001లో క్లైన్, హాడ్జెస్ చేసిన పని దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. ఎదుటివాళ్ళ మనసులో ఏముందో కనిపెట్టే పరీక్షలో, సరిగ్గా చెబితే డబ్బిస్తామన్నారు. మగవాళ్ళు ఆడవాళ్ళతో సమానంగా కనిపెట్టేశారు. చేతకాక కాదు, అవసరం లేక. మన ఇళ్ళలో ఈ పనికి ఎవరూ డబ్బివ్వరు కనక ఇది మన చేతిలోనే ఉండిపోయింది. దానికి 'స్త్రీ సహజం' అని పేరు పెట్టారు. వంట ఎలా సహజమైందో ఇదీ అలాగే సహజమైంది.

2006లో సింగర్ బృందమే 'నేచర్' పత్రికలో మరో ప్రయోగం ప్రకటించింది. ఈసారి పదహారు మంది ఆడవాళ్ళు, పదహారు మంది మగవాళ్ళు. ముందు ఒక డబ్బు ఆట. అందులో ఒకరు న్యాయంగా ఆడతారు, ఒకరు మోసం చేస్తారు. తరవాత ఆ ఇద్దరికీ షాక్ తగులుతుంటే చూడాలి. మోసగాడికి నొప్పి కలిగినప్పుడు మగవాళ్ళ మెదడులో సహానుభూతి స్పందన బాగా తగ్గింది. పగ తీర్చుకోవాలన్న కోరిక ఎంత ఉంటే, సంతోషానికి సంబంధించిన భాగం అంత కదిలింది. ఆడవాళ్ళలో అంత మార్పు లేదు. వెంటనే ఆడది క్షమామూర్తి అనడానికి ఇది పనికొచ్చింది. శిక్ష శారీరకమైనది కావడం వల్ల ప్రయోగం మగవాళ్ళ వైపు మొగ్గి ఉండవచ్చని రాసింది మాత్రం ఆ పరిశోధకులే. నాకింకో అనుమానం. మోసం చేసినవాడి నొప్పికి కూడా కరగడం ఆడవాళ్ళకి ఎవరు నేర్పారు? తాగొచ్చి కొట్టిన మొగుడికి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసిన ఆడవాళ్ళని మనం చూడలేదా? దాన్ని సుగుణంగా లెక్కేసే ముందు కొంచెం ఆగుదాం.

ఎంపతీ అన్న మాటకీ స్త్రీలకీ మధ్య ఇంకో పాత లెక్క ఉంది. జర్మన్ సౌందర్యశాస్త్రంలో, చూస్తున్న వస్తువులోకి మన అనుభూతి ప్రవేశించడాన్ని 'ఐన్‌ఫ్యూలుంగ్' అన్నారు. వెర్నన్ లీ అన్న మగపేరుతో రాసిన వయొలెట్ పాజెట్, ఆమె స్నేహితురాలు క్లెమెంటీనా ఆన్‌స్ట్రదర్ థామ్సన్ 1897లో 'బ్యూటీ అండ్ అగ్లీనెస్' అనే వ్యాసం ప్రకటించారు. ఒక కుర్చీనో, కూజానో, చర్చి ముఖద్వారాన్నో చూస్తున్నప్పుడు తన ఊపిరి ఎలా మారింది, ఒంటి బరువు ఏ కాలి మీదికి జరిగింది అని క్లెమెంటీనా గమనించి చెప్పుకున్న సంగతులు అందులో ఉన్నాయి. పరికరాలు లేవు. తన శరీరమే పరికరం, చూసేదీ తనే, రాసేదీ తామే. ఆ జర్మన్ మాటకి 1909లో ఎంపతీ అన్న ఇంగ్లీషు మాటని తయారుచేసింది టిచెనర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త. ఆయన 1904లో ప్రయోగ మనస్తత్వశాస్త్రవేత్తలకి ఒక సంఘం పెట్టి, దాని సమావేశాల్లోకి స్త్రీలని రానివ్వలేదు. క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్ ఏళ్ళ తరబడి పోట్లాడినా, 1927లో ఆయన చనిపోయేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఎంపతీ అన్న మాట ఇచ్చినవాడే మాట్లాడే చోటు ఇవ్వలేదు. ఆ తరవాత మన శరీరాలు ప్రయోగశాలలోకి వచ్చాయి, వేళ్ళకి తీగలతో.

మన అలంకారశాస్త్రానికీ ఈ చెమట కొత్తది కాదు. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. ఇవాళ ల్యాబుల్లో కొలిచే వాటిలో చాలా భాగం అందులోనే ఉంది. అయితే భరతుడు వీటిని చెప్పింది నటుల కోసం. మనసుని ఏకాగ్రం చేస్తే ఇవి ఒంటి మీదికి వస్తాయి, సాధనతో రప్పించుకోవచ్చు అని. అంటే కన్నీరూ చెమటా కేవలం ప్రకృతి కావు. వాటికి శిక్షణ ఉంటుంది. ఎవరి కోసం ఏడవాలో, ఎవరిని చూసి చెమర్చనక్కర్లేదో కూడా నేర్చుకుంటాం.

ఆ నేర్చుకున్నదాన్ని 2010లో అవెనాంటీ బృందం ఇటలీలో పట్టుకుంది. తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలున్న నల్లవాళ్ళకీ సూది గుచ్చుకుంటున్న చేతుల వీడియోలు చూపించి, చూసేవాళ్ళ చేతి కండరాల స్పందనని కొలిచారు. తమ జాతి చేతిలో సూది దిగితే శరీరం తనకే గుచ్చుకున్నట్టు బిగిసింది. అవతలి జాతి చెయ్యి అయితే ఆ బిగింపు లేదు. ఊదారంగు వేసిన చెయ్యి చూపిస్తే మాత్రం మళ్ళీ బిగిసింది. లోకంలో ఎక్కడా లేని ఊదా చేతి మీద ఎవరికీ ముందే ఏర్పడిన అభిప్రాయం లేదు కదా! పరిచయం లేకపోవడం కాదు, పక్షపాతమే ఒంటిని మొద్దుబారుస్తోందని అర్థం. ఇక్కడ ఆ పరికరం నాకు చాలా మేలు చేసింది. నోటితో సమానత్వం మాట్లాడే మనిషి చేతి కండరం ఏం మాట్లాడుతోందో చూపించింది.

మన దగ్గర ఆ సూది ఏ కులం చేతిలో దిగితే ఎవరి వేళ్ళు చెమరుస్తాయి? ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీలు రాసింది ఒక్కచోట చేరింది. ఆ తరవాత ఒక సభలో నేను మాట్లాడుతూ, చదువుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నానని చెప్పాను. అది మెచ్చుకోలనే అనుకున్నాను. సభ అయ్యాక టీ తాగుతుంటే ఒక అమ్మాయి దగ్గరికొచ్చింది, దళిత రచయిత్రి. "మీ ఏడుపు మేమేం చేసుకోవాలి మేడం? రాసిన పద్ధతి గురించి ఒక్క మాటైనా చెప్పలేదు" అంది. మర్యాదగానే అంది. నాకు చాలా కోపమొచ్చింది. నా కన్నీళ్ళని అనుమానిస్తుందా అని వారం రోజులు కుమిలాను.

ఇప్పుడు అర్థమవుతోంది. ఆమె నా కన్నీళ్ళని అనుమానించలేదు. అవి ఎవరి గురించి అని అడిగింది. నేను ఆ సభలో పుస్తకం గురించి కాక నా గీత ఎంత పైకి లేచిందో చెప్పుకున్నాను. మన సమీక్షలు తిరగెయ్యండి. 'కంటతడి పెట్టించింది', 'గుండెని పిండేసింది', 'ఒళ్ళు గగుర్పొడిచింది'. రచయిత్రి బాధ పడాలి, మనం స్పందించాలి, స్పందించామని ప్రకటించాలి. స్కానర్లో పడుకున్నట్టు కదలకుండా. ఆమె వాక్యం గురించి, ఆమె ఆలోచన గురించి, ఆమెతో మనకున్న తగాదా గురించి మాట్లాడటం మాత్రం మనవాళ్ళ పుస్తకాలకి దాచిపెట్టుకుంటాం.

మా అమ్మకీ ఆయమ్మకీ మధ్య తేడాకి సైన్సులోనే పేరుంది. 1981లో కాన్సాస్ విశ్వవిద్యాలయంలో డేనియల్ బాట్సన్, సహచరులూ కొన్ని ప్రయోగాలు ప్రకటించారు. ఎలేన్ అనే అమ్మాయికి షాకులు తగులుతుంటే చూసి, ఆమె బదులు మిగతా షాకులు మీరు తీసుకుంటారా అని అడిగారు. సొంత కలవరం ఎక్కువైనవాళ్ళలో, తేలిగ్గా వెళ్ళిపోయే వీలుంటే వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. ఎలేన్ మీద అక్కర ఎక్కువైనవాళ్ళలో, వెళ్ళిపోయే వీలున్నా ఉండిపోయినవాళ్ళే ఎక్కువ. రెండూ మనసుని కదిలించేవే. కలవరం నా గురించి, అక్కర ఎదుటి మనిషి గురించి.

అయితే ఆయమ్మ చెయ్యి పొడిగా ఉండటమే గొప్ప అని నేను అనడం లేదు. తిట్టిన నర్సు చెయ్యీ పొడిగానే ఉండి ఉంటుంది. 2007లో యావే చెంగ్ బృందం తైవాన్‌లో ఆక్యుపంక్చర్ వైద్యుల్ని పరీక్షిస్తే, సూదులు గుచ్చుతున్న దృశ్యానికి మామూలు మనుషుల్లో కదిలే ఇన్సులా వాళ్ళలో కదల్లేదు. రోజూ నొప్పి మధ్య పనిచేసేవాళ్ళ ఒళ్ళు అలవాటు పడుతుంది, పడకపోతే పనిచెయ్యలేరు. ఒక్కత్తే అన్ని బల్లలు చూసుకునే నర్సు ఆ అలవాటులో తిట్టింది, ఆయమ్మ ఆ అలవాటులోనే చెయ్యి పట్టుకుంది. ఆ ఇద్దరి మధ్య తేడాని వేళ్ళ తీగ చెప్పలేదు. బల్ల మీద పడుకున్న నేను చెప్పగలను. సహానుభూతి ఉందో లేదో తేల్చాల్సింది చూసేవాళ్ళ చర్మం ఒక్కటే కాదు, బాధపడేవాళ్ళు కూడా. నేను చదివిన ఈ ప్రయోగాల్లో వాళ్ళని అడిగిన ప్రశ్న నాకు కనిపించలేదు. షాక్ తిన్న ఆ పదహారు మంది మగవాళ్ళని, "ఆమె మీ బాధ పంచుకున్నట్టు మీకు అనిపించిందా?" అని అడిగితే ఏం చెప్పేవారో!

ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, కొన్ని చోట్ల నన్ను సరిదిద్దింది. చివర్లో, "ఆ ఆయమ్మ పేరేంటమ్మా?" అంది.

నాకు తెలియదు. రాత్రంతా ఆమె చెయ్యి పట్టుకున్నాను. తెల్లారాక మా వాళ్ళు ఆమె చేతిలో కొంత డబ్బు పెట్టారు. ఆమెకి పిల్లలున్నారా, ఏ ఊరు, పొద్దున్న డ్యూటీ దిగాక ఎంత దూరం నడిచి ఇంటికెళ్ళేది, ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమెని తలుచుకుంటే నా కళ్ళు చెమరుస్తున్నాయి. ఏ పరికరానికైనా అందేంతగా చెమరుస్తున్నాయి. పేరు మాత్రం అడగలేదు.